లాప్‌టాప్‌లో దండ తాత

ఆ రోజుల్లో అని మొదలుపెట్టగానే మీరు కందిలి దీపాలనూ ఎడ్లబండ్లనూ ఊహించుకోకండి. నేను చెప్పే ఆ రోజులు మరీ అంత పాతవి కావు. అప్పటికే మా బచ్చన్నపేటలో అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి, పత్తి ధర కూడా ఫోన్లోనే చూసుకుంటున్నారు. కానీ ఇంట్లోకి ఒక వస్తువు వస్తే దాన్ని కొత్త కోడలిని చూసినట్టు చూసే అలవాటు మాత్రం పోలేదు. ఏ దిక్కున పెట్టాలి, ఏ పూట తెరవాలి, అంతకుముందు అది ఎవరింట్లో ఉండి వచ్చింది, ఇదంతా తేలిన తర్వాతే దానితో పని. నాకు అప్పట్లో ఇవన్నీ మహా చిరాకు. డిగ్రీ పాసైనవాణ్ణి కదా, లోకంలో నాకు తెలియనిదేదైనా మిగిలి ఉంటే అది తెలుసుకోదగ్గది కాదని గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి మొదటి బీట ఎక్కడ పడిందో చెబుతాను, మీరూ కాస్త నవ్వుకోండి. నవ్విన తర్వాత నామీద కొంచెం జాలి పడినా తప్పులేదు.

హైదరాబాదులో ఒక కంపెనీవాళ్లు నౌకరికి పరీక్ష పెడుతున్నారని తెలిసింది. పరీక్ష ఇంట్లో కూర్చునే రాయొచ్చు గానీ ఫోన్లో రాస్తే ఒప్పుకోరట, కెమెరా ఉన్న లాప్‌టాప్ ఉండాలట. కొత్తది మా తాహతుకు మించిన మాట. అందుకని బాపూ (మా నాన్నను ఇట్లాగే పిలుస్తాను) నేనూ జనగామలో పాత లాప్‌టాప్‌లు అమ్మే ఒక భాయ్ దగ్గరికి వెళ్లాం. ఆయన్ని అందరూ చార్జర్ భాయ్ అంటారు. (ఎవరు ఏ పాడైన వస్తువు తెచ్చినా ముందు "చార్జర్ మంచిగనే ఉన్నదా?" అని అడుగుతాడు గనుక.) మా బాపు ఎడ్లను కొన్నవాడే గానీ లాప్‌టాప్‌ను కొన్నవాడు కాదు. చేత్తో లేపి బరువు చూశాడు. మూత తెరిచి, మూసి, మళ్లీ తెరిచి కీళ్లు చూశాడు. కింద అరచెయ్యి పెట్టి వేడి చూశాడు. నోరుంటే పళ్లు కూడా చూసేవాడే. భాయ్ బటన్ నొక్కాడు. దీపం వెలిగింది, లోపల ఫ్యాను గుర్రుమంది, తెర నీలంగా మారింది. "ఇంజన్ బేఫికర్. జర టైం తీస్కుంటది గనీ దౌడ్తది," అన్నాడు భాయ్. ఆ 'జర టైం' గడవకముందే బాపు మూత మూసి సంచిలో పెట్టేశాడు. బేరం కుదిరాక అమ్మినవాడి ముందు నిలబడకూడదన్నది ఆయన పశువుల అంగడి నియమం. నీలిరంగు వెనక ఏముందో చూద్దామన్న ఆలోచన డిగ్రీ పాసైన నాకు కూడా రాలేదు.

ఇంటికొచ్చాక అవ్వ (బాపును కన్నతల్లి, మా ఇంట్లో ఆఖరి మాట ఆమెదే) దాన్ని పీట మీద పెట్టించి, మూతకు పసుపు రాసి, బొట్టు పెట్టి, అప్పుడు తెరవనిచ్చింది. దీపం వెలిగింది. ఫ్యాను గుర్రుమంది. నీలిరంగు వచ్చింది, జర టైం తీసుకుంది, ఆపై తెర నడుమ గుండ్రంగా ఒక ఫోటో తేలింది. ఫోటోలో ఒక ముసలాయన. తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల, గడ్డం దాకా మునిగిపోయేంత పెద్ద బంతిపూల దండ. కింద ఇంగ్లీషు అక్షరాల్లో 'నాయిన' అని రాసి ఉంది. దాని కింద ఖాళీ గడి ఒకటి, పాస్‌వర్డ్ కొట్టమని మిణుకు మిణుకుమంటోంది.

దండ వేసిన ముసలాయన ఫోటో అంటే మా వైపు దానికి అర్థం ఒకటే గదా. ఏ ఇంటి గోడ మీద చూసినా అదే. అవ్వ కొంగు తల మీదికి లాక్కుని చేతులు జోడించింది.

"ఎవలో మంచి మనిషి. పాపం, ఎప్పుడు పోయిండో."

"అవ్వా, గాయిన సంగతి ఇడువు. పాస్‌వర్డ్ అడుగుతున్నది. భాయ్ కాడికి తీస్కపోతె గిదంత చెరిపేసి మల్ల కొత్తగ ఎక్కిస్తడు. ఎంతోసేపు పట్టది," అన్నాను.

"పోయినాయిన మొఖం చెరిపేస్తవా? ఇంటోళ్లను అడగకుండనా? గట్ల చేస్తె నీకు నౌకరి అచ్చినట్టే!"

బాపు వైపు చూశాను. బాపు అప్పటికే చెప్పులు విప్పి నిలబడి ఉన్నాడు. ఇక ఇంట్లో నా పక్షం ఎవరూ లేరని అర్థమైంది. సరే, చార్జర్ భాయ్ అయినా సాంకేతిక మనిషి, ఆయన నావైపు ఉంటాడని మర్నాడే జనగామ పరుగెత్తాను. భాయ్ సంగతి విని నవ్వి, పెన్‌డ్రైవ్ చేతిలోకి తీసుకుని, దర్జాగా బటన్ నొక్కాడు. గుండ్రటి ఫోటో వచ్చింది. భాయ్ చెయ్యి గాల్లోనే ఆగింది.

"అరె బాబా, పోయిన పెద్దమనిషి, మరహూం సాబ్, ఉన్నడు గదా లోపట! ఫార్మాట్ కొట్టుడు పెద్ద పని గాదు. గనీ ముసలాయన నా మొఖం సూస్కుంటనె ఉన్నడు, నేనెట్ల కొట్టాలె? జర ఇంటోళ్ల ఇజాజత్ తెండ్రి. ఫ్రీల కొడ్త."

అమ్మిందెవరని అడిగాను. మానుకోటలో (మహబూబాబాద్‌ను మేం ఇట్లాగే అంటాం) ఉండే ఒకతనట. పేరు గుర్తులేదు, నంబరు లేదు. సొంతూరు మొగుళ్లపల్లి అని మాత్రం మాటల్లో అన్నాడట. "ఎందుకు అమ్ముతున్నవ్ అని అడిగిన. మా నాయినది, ఇగ ఆయినకేం పని దీంతోటి అన్నడు. గంతే," అన్నాడు భాయ్. ఇంకేం కావాలి? పోయినాడన్న మాట ఖాయమైపోయింది. మానుకోట లాంటి పట్నంలో పేరు తెలియని కొడుకును వెతికే బదులు మొగుళ్లపల్లి పోయి ఫోటో చూపించి ఇల్లు అడగడమే సులువని బాపు తేల్చాడు. పరీక్ష దగ్గర పడుతోంది, అయినా ఒక ముఖం చెరపడానికి అనుమతి కోసం మేం భూపాలపల్లి జిల్లాలోని ఆ ఊరికి ప్రయాణం కట్టాం.

ఇక్కడ మా బాపు గురించి కొంత చెప్పాలి. మా మండలంలో ఎవరింట్లో మనిషి పోయినా బాపు వెళ్లి పరామర్శించకపోతే ఆ ఇంటివాళ్లకు తృప్తిగా ఏడ్చినట్టుండదు. ఆయన దగ్గర పెద్ద పెద్ద మాటలేం ఉండవు. వెళ్తాడు, పోయినవాడికి బాగా దగ్గరివాడెవడో చూసుకుని పక్కన కూర్చుంటాడు, మోకాలి మీద చెయ్యి వేస్తాడు, కాసేపు ఊరుకుంటాడు, ఆ తర్వాత పోయినవాడి మంచితనం ఎత్తుకుంటాడు. ఎత్తుకున్నాడంటే ఎంత రాతిగుండెవాడైనా తువ్వాల కళ్లకు అడ్డం పెట్టుకోవలసిందే. (పోయినవాడు బతికున్న రోజుల్లో బాపుతో పొలం ఒడ్డు కోసం పంచాయితీ పెట్టుకున్నవాడైనా సరే, పోయాక అంత మంచివాడు భూమ్మీద లేడు.) హన్మకొండలో బస్సు మారి పరకాల దారి పట్టినప్పటి నుంచి బాపు నాకు పాఠం చెబుతూనే ఉన్నాడు.

"నవ్వకు. పాస్‌వర్డ్ ముచ్చట ఆఖరుకు నేనే తీస్త, నువ్వు తొందరపడకు. అచ్చేటప్పుడు పోయొస్తమని అనొద్దు బిడ్డా, చావైన ఇంట్ల గా మాట అనరు. సప్పుడు జేయకుండ లేసి రావాలె."

మొగుళ్లపల్లిలో దిగి, చాయ హోటల్ బల్ల మీద లాప్‌టాప్ పెట్టి తెరిచి, హోటల్ అతన్ని పిలిచాడు బాపు. "గీయిన ఇల్లేడున్నది తమ్మీ?" అతను పూరీలు వేయిస్తూనే మెడ తిప్పి చూశాడు. "బొగ్గుబాయిల పనిజేసొచ్చినాయినె గదా. నీళ్ల ట్యాంకి పక్క సందు, నీలి తలుపులు," అని మళ్లీ పూరీలలో పడ్డాడు. అతను ఇంకేమీ అడగలేదు, మేమూ అడగలేదు. ఎందుకొచ్చారని ఒక్కమాట అడిగి ఉంటే మా పరువు మొగుళ్లపల్లి బస్టాండులోనే నిలబడి ఉండేది.

నీలి తలుపుల ముందు రేకుల నీడలో ఒకాయన కూర్చుని చాటలో కందులు ఏరుతున్నాడు. బనీను, భుజం మీద తువ్వాల, నెరిసిన గడ్డం బాగా మాసి ఉంది. బాపు నన్ను మోచేత్తో పొడిచాడు. "తమ్ముడై ఉంటడు. గడ్డం తీస్కోలే, సూడు." అని మెల్లిగా వెళ్లి ఆయన పక్కన కూర్చుని, మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆయన ఉలిక్కిపడి, మళ్లీ ఏమనుకున్నాడో కొంచెం జరిగి చోటిచ్చాడు. బాపు గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"ఏం జేస్తమే అన్నా. మన చేతులేమున్నది."

"అవునే. మన చేతులేమున్నది," అన్నాడాయన.

"గసొంటి మనిషి మల్ల దొరుకుతడా? మొఖం జూస్తెనె తెలుస్తది. ఒకల నోట మాట పడని మనిషి. బాయిల పనంటె మాటలా! భూమి కడుపులకు దిగి, చీకట్ల కష్టం జేసి, పిల్లలను వెలుగుల వెట్టిండు. గాయిన చేతుల కాయలు మనకు తెల్వదా? గంత జేసి, ఒక్కనాడన్న నేనింత జేసిన అని నోరిప్పి చెప్పుకున్నడా?"

ఆయన చాట పక్కన పెట్టేశాడు. కళ్లు నిండాయి. "చెప్పుకోలేదే," అంటూ తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. బాపు కూడా కళ్లు తుడుచుకున్నాడు. బాపు ఏడిస్తే నాకూ ఆగదు, చొక్కా చేతితో కళ్లు ఒత్తుకున్నాను. ముగ్గురం కాసేపు మనసారా ఏడ్చాం. తర్వాత ఆయన ముక్కు తుడుచుకుని, బాపు వైపు తిరిగి, ఎంతో ప్రేమగా అడిగాడు.

"గింత మంచి మనిషి, ఎవలే పోయింది?"

బాపు నావైపు చూశాడు. నేను లాప్‌టాప్ తెరిచాను. నీలిరంగు. జర టైం. గుండ్రటి ఫోటో. ఆయన వెనక గూట్లోంచి కళ్లద్దాలు అందుకుని, వంగి చాలాసేపు చూశాడు.

"గీయిన పోలే," అన్నాడు. "గీయిన నేనే."

బాపు చెయ్యి ఇంకా ఆయన మోకాలి మీదే ఉంది. అది తీయాలో ఉంచాలో తెలియని బాధ బాపు ముఖంలో ఎంత స్పష్టంగా కనిపించిందంటే, నవ్వకు అన్న ఆజ్ఞ నేను అక్కడే ఉల్లంఘించాను. ఆయనా నవ్వాడు. బాపే అందరికంటే ఆలస్యంగా నవ్వాడు. ఈ సందడికి ఆయన ఇంటావిడ, అంటే మొగుళ్లపల్లి అమ్మమ్మ, బయటికొచ్చి సంగతి విని మండిపడింది. "బతికున్నోనికి పరామర్శేంది, మీ నోట్లె మన్నువడ!" అని ఉప్పూ మిరపకాయలూ తెచ్చి భర్త చుట్టూ దిష్టి తీసింది. చేతిలో ఇంకా మిగిలాయేమో, లాప్‌టాప్ చుట్టూ కూడా తిప్పింది.

ఆ దండ సంగతేమిటో తర్వాత తాత చెప్పాడు. అది నౌకరి నుంచి రిటైరై దిగిపోయిన నాడు బొగ్గుబావి దగ్గర తోటివాళ్లు వేసిన దండట. "జీవితంల ఏస్కున్నది గదొక్కటే బిడ్డా. పెండ్లిల ఏసినదాన్ని లెక్కలకు తీస్కోకు, గది అందరికి ఏస్తరు." లాప్‌టాప్ కూడా అప్పుడు కొడుకు కొనిచ్చిందే. రోజూ పొద్దున లేవగానే దాన్ని తెరిచి ఆ ముఖం ఒకసారి చూసుకుని, కాసేపు ఒంటరిగా పేకాట ఆడుకుని మూసేవాడట. కళ్లు మండుతున్నాయని ఒకసారి నోరు జారితే కొడుకు పట్టుకెళ్లి అమ్మేశాడు. "మిషిని పోతె పోయింది. దాంట్ల నేనున్నట్టు ఆనికి యాదికి రాలే. నేను గూడ చెప్పలే." ఇది చెప్పి, బాపు భుజం తట్టి, "ఇందాక వేరే ఎవలో అనుకోని సగమే ఇన్న. ఇప్పుడు నా గురించేనని తెలిసింది గదా, మల్లొక్కపారి సురువు జెయ్యి," అన్నాడు. బాపు గొంతు సవరించుకున్నాడు. "గసొంటి మనిషి..." అని ఆగిపోయాడు. ఎన్ని చావు ఇళ్లలోనో తడబడని నోరు అది. "బతికున్నోని ముందట గవన్ని ఎట్ల అనాల్నే అన్నా, సిగ్గయితది," అన్నాడు చివరికి. అప్పుడు ఆ మాటకు కడుపుబ్బ నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే అంత నవ్వు రావడం లేదు.

పాస్‌వర్డ్ అడగవలసిన పని కూడా పడలేదు. తాత లాప్‌టాప్‌ను ఒళ్లోకి లాక్కుని ఒకే వేలితో, ఒక్కో అంకె నొక్కినప్పుడల్లా పెదవులు కదుపుతూ తనే కొట్టాడు. బావిలోకి దిగేటప్పుడు ఇచ్చే దీపం మీద ఉండే నంబరట అది. "రేపు నా పేరన్న మర్సిపోత గనీ గది మర్సిపోను," అని నాకూ చెప్పాడు. తలుపు తెరుచుకుంది. లోపల ఖాళీ. అమ్మే ముందు కొడుకు అన్నీ తుడిచేసి, ఆ మొదటి తెర ఒక్కటి తీయడం చేతగాక వదిలేశాడు. తాత ఆ ఖాళీని పట్టించుకోలేదు. మళ్లీ గుండ్రటి ఫోటో తెప్పించమన్నాడు. దాని అంచు మీద వేలు పెట్టాడు. అక్కడ దండ పక్కన, అప్పటిదాకా మాకెవరికీ కనిపించనిది, నాలుగు వేళ్లు ఉన్నాయి.

"గిది మా జోడీ చెయ్యి. బాయిల మేమిద్దరం జోడీగ పనిజేసినం, అన్నేండ్లు. దండ ఏసింది ఆడే. మల్ల వానకాలం అచ్చేటాళ్లకు ఆడు పోయిండు. ఆడూ నేనూ కలిసి దిగింది గీ ఒక్క ఫోటోనే. నువ్వు మిషిని తీస్కపో బిడ్డా, సల్లగ పరీక్ష రాస్కో. నాకు గీ ఫోటో ఒక్కటి పెద్దగ కడిగిచ్చి తెచ్చియ్యి. ఆడు గనవడాలె."

నేనేమన్నానో తెలుసా? ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గిది గుండ్రం కిటికీ లెక్క తాతా. మనకు నడుమ ముక్కే సూపిస్తున్నది గనీ మొత్తం ఫోటో లోపటనే ఉంటది. మీ జోడీని గూడ తీస్త, ఫికర్ జేయకు," అన్నాను. తాత ముఖం ఎలా వెలిగిందో చెప్పలేను. బాపు అయితే "మావోడు డిగ్రీ గదనే," అని అమ్మమ్మతో అన్నాడు. చాయ తాగాక బాపు అలవాటు ప్రకారం చప్పుడు చేయకుండా లేచి గడప దిగాడు, నేనూ ఆయన వెనకే దిగాను. తాత వెనక నుంచి కేకేశాడు. "ఏందే, చెప్పకుండ పోతున్నరు? నేను బతికే ఉన్న!" బాపు నాలుక కరుచుకుని వెనక్కి వచ్చి, చేతులు పట్టుకుని, "పోయొస్తమన్నా," అన్నాడు.

పరీక్ష రాశాను. ఆ నౌకరి రాలేదు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, ఆ నౌకరి రాకపోవడం వల్ల లోకానికి గానీ నాకు గానీ పెద్ద నష్టమేమీ జరగలేదు. పరీక్ష అయిన సాయంత్రమే తాత ఫోటో కోసం లాప్‌టాప్ లోపల వెతకడం మొదలుపెట్టాను. ఏదో మూల, నోరు తిరగని పేరున్న ఫోల్డరులోపలి ఫోల్డరులో దొరికింది. తెరిచే ముందు చేతులు రుద్దుకున్నాను. తెరిస్తే ఇంతే ఇంత చదరపు బొమ్మ. గుండ్రానికి నాలుగు మూలలు కలిసొచ్చాయి, అంతే. ఒక మూల బ్యానరు గుడ్డ. ఒక మూల ఆకాశం. ఇంకో మూల ఎవరి భుజమో. నాలుగో మూల ఆ వేళ్లు, వేళ్లకు మణికట్టు, మణికట్టుకు గడియారం. అక్కడితో సరి. కిటికీ అవతల గదేమీ లేదు. ఫోటో పెట్టేటప్పుడే నడుమ ముక్క ఉంచుకుని మిగతాది ఆ మిషిని పారేసింది.

నేను నమ్మలేదు. రెండు మూడు రోజులు లాప్‌టాప్ మూలమూలా వెతికాను. చివరికి అమ్మమ్మకు ఫోన్ చేసి కొడుకు నంబరు తీసుకుని, జనగామలో రైలెక్కి మానుకోటలో దిగాను. ఎరువుల బస్తాలమ్మే దుకాణంలో లెక్కలు రాస్తాడు ఆ అన్న. వాళ్ల నాయిన చచ్చిపోయాడనుకున్నామన్న సంగతి మాత్రం నేనెత్తలేదు. ఫోటో సంగతి అడగ్గానే ఆయన చేతిలోని కలం కింద పెట్టాడు. "నా ఫోన్లనే తీసిన తమ్మీ. చెరువుకు చాపలు పట్ట పోయినప్పుడు గా ఫోన్ నీళ్ల పడ్డది. గా దినం ఇంకెవలు తియ్యలే." కలం మళ్లీ చేతిలోకి తీసుకుని, "నాయిన అడుగుతున్నడా? నన్నెన్నడు అడగలే," అన్నాడు. నాకు చాయ తెప్పించాడు. తను తాగలేదు.

జనగామలో స్టూడియోకు తీసుకెళ్లి ఆ చదరపు బొమ్మనే పెద్దగా కొట్టమన్నాను. స్టూడియో అతను దండ చూసి, అలవాటుగా, "దినమెప్పుడన్నా? తల ఎనక వెలుగు పెట్టాల్నా?" అని అడిగాడు. "బతికే ఉన్నడు!" అని నేను అరిచిన అరుపుకు పాస్‌పోర్టు ఫోటో దిగుతున్నాయన కళ్లు మూసేశాడు. ఆయనది మళ్లీ తీయాల్సొచ్చింది. చివరికి తాత ఫోటో వచ్చింది. పెద్దది చేస్తే ఏమవుతుందో మీరు ఊహించే ఉంటారు. బంతిపూల దండ బ్రహ్మాండంగా వచ్చింది. తాత ముఖం మాత్రం తడి చేత్తో తుడిచినట్టు అలుక్కుపోయింది. స్టూడియో అతను తన వంతు కష్టపడి కనుబొమ్మలు కాస్త దిద్దాడు, దాంతో ఆయన ఇంకెవరో అయిపోయాడు. దిద్దుబాటు తీసేయించి, అద్దం కట్టించి, పాత పేపర్లో చుట్టించుకుని మళ్లీ మొగుళ్లపల్లి బస్సెక్కాను. ఈసారి బాపు రాలేదు. "నాకు మొఖం చెల్లది బిడ్డా," అన్నాడు. నాకు మాత్రం ఎక్కడ చెల్లింది?

తాత ఆ రోజు గడ్డం గీసుకుని, తెల్లచొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. నేను వస్తున్నానని అమ్మమ్మ చెప్పిందట. పేపరు విప్పే లోపల నేను ఏదేదో చెప్పడం మొదలుపెట్టాను, మిషిని గురించి, గుండ్రం గురించి, చెరువులో పడ్డ ఫోన్ గురించి. ఆయన వినడం లేదు. అద్దాన్ని ఒళ్లో పెట్టుకుని తువ్వాలతో తుడిచాడు, అలుక్కుపోయింది అద్దం మీద దుమ్మేమో అనుకుని ఇంకోసారి తుడిచాడు. తర్వాత పక్కకు చూశాడు. అక్కడ మనిషి లేడని ఆయనకు అర్థమైన క్షణం నాకు తెలిసింది. నేలను చూస్తూ కూర్చున్నాను.

"దండ మంచిగచ్చింది," అన్నాడు తాత.

కొంచెంసేపటికి మళ్లీ ఆయనే, "గిటు రా," అని పిలిచాడు. వేలు ఆ మూల మీద ఉంది. "గిది జూడు. గడియారం. ఆనిదే. చేతికి ఊకె వదులు వదులుగ ఉండేది, బాయిల దిగేటప్పుడు పైకి జరుపుకునేటోడు, అద్గో సూడు, పైకి జరుపుకున్నడు." లాప్‌టాప్ తెర మీది గుండ్రంలో లేని గడియారం అది. "జర నీ కండ్లు మంచిగుంటయి గదా, టైమెంతయిందో సూడు," అన్నాడు. ఇద్దరం తలలు దగ్గర పెట్టి వంగి చూశాం. ముళ్లు ఎక్కడున్నాయో దేవుడికే తెలియాలి. బాగా చూసినట్టు నటించి, "పదకొండు దాటింది తాతా," అన్నాను. ఆయన తలూపాడు. "గంతే ఉంటది. అప్పుడే ఏసిండు." అమ్మమ్మ మాత్రం ఆ ఫోటోను గోడకు కొట్టనివ్వలేదు, బతికున్నోని దండ ఫోటో గోడ మీదేమిటని. బీరువాలో చీరల మధ్య పెట్టింది. నేను వచ్చేటప్పుడు తాత బస్టాండు దాకా నడిచి వచ్చాడు. జోడీ గురించి ఎన్నెన్నో చెప్పాడు, నేను సగమే విన్నాను. ఆ బస్సు తప్పితే మళ్లీ ఎప్పుడో అన్న కంగారు నాది. ఇప్పుడు ఆ మిగతా సగం చెప్పడానికి తాత లేడు, అడుగుదామంటే ఆ ఇంట్లో తెలిసినవాళ్లూ లేరు.

ఇప్పుడు నేను రోజంతా తెరల ముందే కూర్చుని పనిచేస్తాను. ఎక్కడ చూసినా గుండ్రటి ఫోటోలే, అందరివీ, నాదీ. ఎవరి భుజమో సగం, ఎవరి చెవో సగం, ఎవరి చెయ్యో నాలుగు వేళ్లు అంచుల్లో కనిపిస్తూనే ఉంటాయి. కనిపించినప్పుడల్లా నా వేలు నాకు తెలియకుండానే అంచు మీదికి పోయి ఫోటోను మెల్లిగా పక్కకు జరపబోతుంది. ఏదీ జరగదు. పక్కనున్నవాళ్లు చూశారేమోనని వేలు వెనక్కి తీసుకుని, నాలో నేనే నవ్వుకుంటాను.